కాదని చెప్పడంలోని ధర్మం

పుష్య బహుళ పంచమి దగ్గరపడే కొద్దీ సంగీత సభల వాళ్లకు ఊపిరి సలపదు. త్యాగరాజ ఆరాధనకు కచేరీలు కుదర్చాలి, పక్కవాద్యాలు చూసుకోవాలి, హాలు, మైకు, బస అన్నీ అమర్చాలి. పాడతామని అడిగేవాళ్లు ఒకప్పుడు ఉత్తరం రాసేవాళ్లు, లేదా ఎవరి చేతనైనా చెప్పించుకునేవాళ్లు. ఇప్పుడు ఈమెయిల్‌లో తమ గురించి నాలుగు మాటలు, గురువు పేరు, ఒకటి రెండు వీడియో లింకులు పెట్టి పంపుతున్నారు. సభలో ఐదు కచేరీలకే చోటుంటే అడిగేవాళ్లు అంతకు ఎన్నో రెట్లుంటారు. ఎంపికైన ఐదుగురికీ ఫోను వెళ్తుంది. మిగిలినవాళ్లకు చాలాచోట్ల ఏమీ వెళ్లదు. కొన్నిచోట్ల మాత్రం అందరికీ ఒకే ఉత్తరం, ఒకే మీట నొక్కుతో వెళ్తుంది: దరఖాస్తు పంపినందుకు కృతజ్ఞతలు, ఈసారి అవకాశం ఇవ్వలేకపోతున్నాం, మీకు శుభం కలగాలి. పేరు తప్ప మరేమీ మారని ఆ ఉత్తరం మర్యాదేనా, మర్యాద వేషం వేసుకున్న తప్పించుకోవడమా? వందమందికి కలిపి చెప్పిన మాటలో ఏ ఒక్కరి పట్లైనా గౌరవం ఉంటుందా? ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. దీనికి మన శాస్త్రాల్లోనే చక్కటి జవాబు ఉంది. ఆ ఉత్తరం పంపడం విధి. నిజాయితీగా రాస్తే అది గౌరవం కూడా. దాన్ని మోసంగా మార్చేది అందరికీ ఒకటే కావడం కాదు, ఒక్కరికే రాసినట్టు నటించడం.

ముందుగా, కాదనిపించుకున్న మనిషికి మనం ఏం బాకీ పడ్డామో తేల్చుకోవాలి. అవకాశం బాకీ లేము, అది మన చేతిలో ఉన్నది ఐదుగురికే. ఓదార్పు కూడా బాకీ లేము, ముక్కూమొహం తెలియని వాళ్ల ఓదార్పు ఎవరికీ అక్కర్లేదు. బాకీ ఉన్నది ఎదురుచూపుకు. కఠోపనిషత్తు మొదలయ్యేదే ఎదురుచూపుతో. నచికేతుడు యముడి ఇంటికి వెళ్తే యముడు లేడు. ఆ పిల్లవాడు మూడు రాత్రులు అన్నం ముట్టకుండా ఆ గుమ్మంలోనే ఉన్నాడు. తిరిగొచ్చిన యముడు అతనికి నమస్కరించి, ఎదురుచూసిన ఒక్కో రాత్రికి ఒక్కో వరం చొప్పున మూడు వరాలిస్తాడు. గుమ్మంలో అతిథిని పస్తుంచిన గృహస్థుకు ఏమేం నష్టమవుతాయో ఉపనిషత్తు అక్కడే ఒక జాబితా చెబుతుంది. అందులో ముందు వరసలో ఉన్నవి ఆ గృహస్థు సొంత ఆశ, సొంత ఎదురుచూపు, మంచిమాట వల్ల కలిగే ఫలం. ఎదుటివాడి ఆశను గాలికొదిలేసినవాడికి తన ఆశ దక్కదని దాని భావం. గమనించాల్సింది ఇంకొకటుంది. నచికేతుణ్ణి యముడు పిలవలేదు. తండ్రి కోపంలో అన్న మాట పట్టుకుని అతనే వెళ్లాడు. పిలవకుండా వచ్చినవాడి మూడు రాత్రులకే మృత్యుదేవత అంతటివాడు లెక్క కట్టి చెల్లిస్తే, ప్రకటన వేసి మరీ పిలిచినవాళ్లకు ఆ బాకీ ఎంత ఉండాలి?

ఈ ఎదురుచూపు మనసులో మాత్రమే ఉండే బరువు కాదు, దానికి లోకంలో ఖరీదుంది. గాత్ర కచేరీ అంటే పాడేవాళ్లు ఒక్కరే కాదు. వయొలిన్ వాయించేవాళ్లు, మృదంగం వాయించేవాళ్లు తోడుండాలి. దరఖాస్తు పెట్టిన గాయని తన పక్కవాద్యాల వాళ్లను ముందే అడుగుతుంది, ఆ తేదీ నాకోసం ఉంచండి అని. వాళ్లు సరేనంటారు. చెన్నైలో మార్గళి సీజన్ అయినా, ఇక్కడ ఆరాధనోత్సవాలైనా, ఆ కొన్ని వారాలే వాళ్లకు ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించే కాలం. ఈలోగా మరో ఊరి నుంచి మృదంగ విద్వాంసుడికి పిలుపొస్తుంది. ఆయన గాయనికి ఫోన్ చేస్తాడు: "అమ్మా, ఆ సభ సంగతి ఏమైనా తెలిసిందా?" ఇంకా ఏ సంగతీ తెలియలేదండీ అని ఆమె అంటుంది. మాట ఇచ్చాడు కనుక ఆయన ఆ రెండో పిలుపును వదులుకుంటాడు, లేదా మాట తప్పి వెళ్తాడు. సభ కార్యదర్శి కంప్యూటర్లో ఎంపికైనవాళ్ల జాబితా అప్పటికే ఖరారై ఉంటుంది. అతను పంపని ఒక్క ఉత్తరం వల్ల ముగ్గురి తేదీలు చిక్కుకుపోయాయి, ఒక స్నేహంలో ఇబ్బంది పుట్టింది. మౌనం వల్ల ఎవరికీ ఏమీ కాదనుకోవడం మౌనంగా ఉన్నవాడి వైపు నుంచి చూస్తేనే నిజం.

మౌనమే సమాధానం కదా, రాలేదంటే లేదని తెలియదా అని కొందరు అంటారు. ఈ అలవాటు మనకు బాగా పాతది. పెళ్లిచూపులకు వచ్చి, ఫలహారాలు తిని, "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అని లేచిన మగపెళ్లివారి మాటలో ఎంత భాగం నిజమో ఆడపిల్ల తండ్రికి తెలుసు. తెలిసి కూడా పోస్టుమాన్ కోసం చూసేవాడు. ఎందుకంటే ఆ మాట తలుపు మూయలేదు, తెరవనూ లేదు. మధ్యవర్తి పెద్దమనిషైతే వారంలో కబురు చేసేవాడు, జాతకాలు కలవలేదండీ అని. ఆ కబురులో బాధ ఉన్నా, ఆ తండ్రి మరుసటి రోజు ఇంకో సంబంధం కోసం బయల్దేరగలిగేవాడు. మౌనం అర్థమవుతుందన్నది నిజమే, కానీ ఎప్పుడు అర్థమవుతుంది? ఉత్సవం మొదలైన రోజున. అప్పటికి ఆ అర్థం పనికిరాదు. ఆధునిక చట్టం కూడా ఈ తేడాను గుర్తించడం మొదలుపెట్టింది. మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, 25 మంది అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ ఉద్యోగం కోసం బహిరంగంగా ప్రకటన ఇచ్చి ఎవరినైనా ఇంటర్వ్యూ చేస్తే, నిర్ణయం జరిగిందో లేదో 45 రోజుల్లోగా వాళ్లకు తెలపాలని 2026 జనవరి 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. ఉద్యోగం ఇవ్వమని చట్టం అనలేదు, సంగతి చెప్పమంది. ఒక కచేరీకో, ఒక చిన్న పనికో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు అలాంటి చట్టం అండ లేదు. చట్టం లేనిచోట ధర్మం మరింత అవసరం.

సంగతి చెప్పడం విధే అనుకున్నాక అసలు చిక్కు వస్తుంది. వందమందికి ఒకే మాట చెబితే విధి తీరుతుందా? ఈ ప్రశ్నను మీమాంసకులు యజ్ఞాల విషయంలో ఎంతో ఓపికగా చర్చించారు. జైమిని సూత్రాల 12 అధ్యాయాల్లో పదకొండోది దీనికే కేటాయించింది. ఒకసారి చేసిన పని చాలామందికి ఒకేసారి ఉపకరిస్తే దాన్ని తంత్రం అన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా మళ్లీ మళ్లీ చేయాల్సినదాన్ని ఆవాపం అన్నారు. దర్శపూర్ణమాస యాగంలో ప్రయాజాలనే అంగాలను ప్రతి ప్రధాన ఆహుతికీ వేరుగా చేయరు, ఒకసారి చేస్తే అన్నిటికీ చెల్లుతాయి. శబరస్వామి ఆ సూత్రాల మీద రాసిన భాష్యంలో దీనికి ఎవరికైనా అర్థమయ్యే ఉదాహరణ ఇచ్చాడు. చాలామంది బ్రాహ్మణులు కూర్చున్నచోట మధ్యలో ఒక దీపం పెడితే ఆ వెలుగు అందరికీ అందుతుంది. మనిషికో దీపం అక్కర్లేదు. అదే బ్రాహ్మణులకు గంధం పూయాలంటే మాత్రం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పూయాలి. ఒకరికి పూసి అందరికీ పూసినట్టే అంటే కుదరదు. ఈ రెండిట్లో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అని ఆయన అనలేదు. ఏ పనికి ఏ పద్ధతి తగునో ఆ పని స్వభావాన్ని బట్టే తేలుతుందన్నాడు.

ఈ కొలమానం పట్టుకుంటే మన ప్రశ్న విడిపోతుంది. ఎంపిక పూర్తయింది, మీ పేరు అందులో లేదు, ఇక మా కోసం ఆగనక్కర్లేదు: ఈ కబురు దీపం వంటిది. ఒకసారి రాసి అందరికీ పంపితే ఎవరి వాటా వెలుగూ తగ్గదు. పదిమందికి చేరిందని పదకొండోవాడికి ఆ సమాచారం పలచబడదు. అతని తేదీ అతనికి పూర్తిగా తిరిగొస్తుంది. తెలుగు వారపత్రికలకు కథలు పంపినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కథతో పాటు ఇది మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతపరచాలి, తిప్పి పంపాలంటే తగినన్ని స్టాంపులు అంటించిన కవరు పెట్టాలి. ఆ కవరులో తిరిగొచ్చే అచ్చుకాగితం మీద ఉండేది అందరికీ ఒకే రెండు వాక్యాలు. ఆ కాగితాన్ని ఎవరూ ప్రేమించలేదు. అయినా అది వచ్చిన రోజున రచయిత తన హామీ నుంచి విడుదలయ్యేవాడు, అదే కథను మరో పత్రికకు పంపుకునేవాడు. అచ్చుకాగితమైనా రాని కథే నెలల తరబడి ఎటూ కాకుండా నిలిచిపోయేది. రచయితకు కావలసిన పనిని ఆ అచ్చుకాగితం చేసిపెట్టింది. చేత్తో రాయలేదన్న కారణంగా దాని విలువ తగ్గలేదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. కబురు సరే, మరి అందులోని మర్యాద మాటల సంగతేమిటి? గౌరవనీయులైన అని, హృదయపూర్వక కృతజ్ఞతలు అని వందమందికి ఒకే రకంగా రాసినప్పుడు, ఆ హృదయం ఎవరిది? గౌరవం గంధంలాంటిది కదా, దాన్ని టోకున ఎలా పంచుతారు? జర్మన్ తత్వవేత్త కాంట్ 1798లో అచ్చయిన తన మానవశాస్త్ర గ్రంథంలో ఈ అనుమానాన్ని ఎదుర్కొన్నాడు. మర్యాద మాటలు చిల్లర నాణేల వంటివని ఒప్పుకుంటూనే, వాటి విలువెంతో ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తెలుసు కాబట్టి అక్కడ ఎవరూ మోసపోరన్నాడు. పైగా ఆ వేషం వేయగా వేయగా అసలు గుణం మెల్లగా లోపలికి వస్తుందన్నాడు. మన నమస్కారం కూడా అంతే. రోజుకు వందమందికి పెట్టినా ఎవరూ దాన్ని అబద్ధమనరు, నాకు పెట్టినట్టే ఇంకొకరికి పెట్టావేమని నిలదీయరు. కాబట్టి కృతజ్ఞతలు చెప్పడంలో, గౌరవవాచకంలో మోసం లేదు. మోసం మరోచోట ఉంది. "మీ గానం మమ్మల్ని ప్రత్యేకంగా ఆకట్టుకుంది" అన్న వాక్యం వీడియో తెరిచి కూడా చూడనివాళ్లకు వెళ్లినప్పుడు అది అబద్ధం. "ఎంతో బాధతో ఈ నిర్ణయం తీసుకున్నాం" అన్నదీ అంతే. "వచ్చే ఏడాది తప్పకుండా పిలుస్తాం" అన్నది మరీ పెద్ద తప్పు, ఎందుకంటే ఏ ఎదురుచూపును తీర్చడానికి ఉత్తరం రాశామో ఆ ఎదురుచూపునే అది మళ్లీ మొదలుపెడుతుంది. ఇవన్నీ దీపం పెట్టి గంధం పూశామని చెప్పుకోవడం.

మాటకు తపస్సు స్థాయినిచ్చింది భగవద్గీత. పదిహేడో అధ్యాయంలో వాక్కుతో చేసే తపస్సుకు నాలుగు లక్షణాలు చెప్పింది: ఎదుటివారిని కలవరపెట్టకూడదు, సత్యమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. మనుస్మృతి నాలుగో అధ్యాయం కూడా నిజాన్ని ప్రియంగా చెప్పమని, ప్రియమైనదైనా సరే అబద్ధం చెప్పవద్దని అంటుంది. ఈ లక్షణాలను ఎదురుగా పెట్టుకుని సభ కార్యదర్శి ఉత్తరం రాస్తే అది సుమారుగా ఇలా ఉంటుంది. "మా ఉత్సవంలో పాడటానికి మీరు దరఖాస్తు పంపారు, ధన్యవాదాలు. ఐదు కచేరీలకు ఎంపిక పూర్తయింది. అందులో మీ పేరు లేదు. ఆ తేదీ కోసం మీరు, మీ పక్కవాద్యాల వారు ఇక ఆగనక్కర్లేదు. ఎంపిక కాని దరఖాస్తుదారులకు ఇదే ఉత్తరం పంపుతున్నాం. ఏదైనా అడగాలంటే ఈ చిరునామాకే రాయవచ్చు. నమస్కారాలతో." ఇందులో పొగడ్త లేదు, సాకు లేదు. కాదన్న మాట మూడో వాక్యంలోనే ఉంది కనుక చదివేవాళ్లు కింది దాకా గుండె చిక్కబట్టుకుని వెతుక్కోనక్కర్లేదు. అందరికీ ఇదేనని ఒప్పుకోవడం వల్ల మర్యాద తగ్గలేదు, నన్నొక్కణ్ణే తోసేశారన్న బాధ కొంత తగ్గింది కూడా. పక్కవాద్యాల ప్రస్తావన ఒక్క మాటే అయినా, ఆ ఒక్క మాటలో వాళ్ల వృత్తి కష్టం తెలిసిన మనిషి కనిపిస్తాడు. అందరికీ కలిపి రాసిన ఉత్తరంలోనూ శ్రద్ధకు చోటుందనడానికి ఇదే సాక్ష్యం.

మరి మనిషి పట్ల నిజమైన శ్రద్ధ ఎక్కడుంది అని ఇంకా అడగవచ్చు. ఉత్తరంలో కాదు, దరఖాస్తు చదవడంలో ఉంది. ప్రతి వీడియోనూ విడిగా వినాలి. ఒకరి తోడిరాగం విని మరొకరికి మార్కులు వేయలేం. అది మనిషికోసారి చేయాల్సిన పనే, అక్కడ తంత్రం చెల్లదు. తైత్తిరీయోపనిషత్తు దానం గురించి చెబుతూ శ్రద్ధతో ఇవ్వమంది, శ్రద్ధ లేకుండా ఇవ్వవద్దంది, అణకువతో ఇవ్వమంది. ఇచ్చేటప్పుడే అంత అణకువ కావాలంటే, ఇవ్వలేనప్పుడు ఎంత కావాలో చెప్పనక్కర్లేదు. అందరివీ వినకుండా తెలిసినవాళ్లకు ఇచ్చేసి, మిగిలినవాళ్లకు "మీ దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించాం" అని రాస్తే, భాష ఎంత మృదువుగా ఉన్నా ఆ ఉత్తరం కుళ్లినదే. దరఖాస్తులు మరీ ఎక్కువై మొదటి యాభై మాత్రమే విన్నామంటే ఆ సంగతే రాయాలి. ఉత్తరంలోని మర్యాద వెనక జరిగిన పనిని మించకూడదు. ఆ నియమం పాటిస్తే, చిన్న ఉత్తరం కూడా పెద్ద బరువు మోయగలదు.

కారణం చెప్పకుండా కాదనడం న్యాయమా అన్నది మరో అభ్యంతరం. దీనికి బుద్ధుడు అభయ రాజకుమారుడికి ఇచ్చిన జవాబు తోవ చూపిస్తుంది. నిజం కాని మాట, మేలు చేయని మాట బుద్ధుడు పలకడు. నిజమూ మేలు చేసేదీ అయిన మాటను కూడా, అది వినేవాడికి ఇంపుగా ఉన్నా లేకపోయినా, తగిన సమయం చూసి పలుకుతాడు. అడగని విమర్శను వందమందికి కలిపి రాస్తే అది ఎవరికీ మేలు చేయదు. శ్రుతి జాగ్రత్త అని అందరికీ రాస్తే శ్రుతి శుద్ధంగా ఉన్నవాళ్లను అవమానించినట్టు, లేనివాళ్లకు ఏమీ చెప్పనట్టు. అయితే సభ వాళ్లు స్వయంగా పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి పాడించుకున్న పదిమంది సంగతి వేరు. వాళ్లు రైలెక్కి వచ్చారు, వాళ్ల పాటను మనం చెవులారా విన్నాం, చెప్పగలిగిన కారణం మన దగ్గర ఉంది. వాళ్లకు టోకు ఉత్తరం పంపడం తప్పు. ఫోన్ చేయాలి, లేదా వాళ్లకంటూ నాలుగు వాక్యాలు రాయాలి. ఎదుటివాళ్లు మన కోసం ఎంత దూరం నడిచారో మన బాకీ అంత పెరుగుతుంది. టోకు ఉత్తరాన్ని సమర్థించడం అంటే ఈ హద్దును చెరపడం కాదు. మిగిలినవాళ్లకు ఒకే ఉత్తరం చాలుతుంది కాబట్టే, ఈ పదిమందికి విడిగా రాయడానికి సమయం మిగులుతుంది.

వేదాంతం వైపు నుంచి వచ్చే మాట ఒకటుంది. కర్మ చేయడం వరకే నీ వంతు, ఫలం మీద కాదు అని గీతే చెప్పింది కదా, పాడేవాళ్లు ఫలితం కోసం ఇంతగా ఎదురుచూడటమే తప్పు కదా అని. ఆ బోధ పాడేవాళ్లు తమకు తాము చెప్పుకోవలసినది. ఫలాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు ఆ మాటను ఎదుటివాళ్లకు చెబితే అది వేదాంతం కాదు, బాధ్యత నుంచి తప్పుకోవడం. వైరాగ్యం ఎవరికి వారు అలవరచుకునేదే కానీ ఒకరి మీద ఒకరు విధించేది కాదు. గీత దృష్టితోనే చూస్తే, ఉత్తరం రాయడం కార్యదర్శి కర్మ. పొగడ్త రాదని, తిట్లు కూడా రావచ్చని తెలిసీ దాన్ని చక్కగా చేయడమే అతను పాటించవలసిన నిష్కామ కర్మ. జవాబిస్తే వాదనకు దిగుతారని, నన్నెందుకు కాదన్నారని నిలదీస్తారని చిన్న సంస్థలు భయపడతాయి. కొందరు దిగుతారు కూడా. దానికి మందు జవాబివ్వడానికి వీల్లేని చిరునామా నుంచి ఉత్తరం పంపడం కాదు. మాట అనేసి చెవులు మూసుకోవడం సంభాషణ కాదు. వాదించినవాళ్లకు ఒకసారి మర్యాదగా నిర్ణయం మారదని చెప్పి ఆపవచ్చు. తీరిక లేదన్నది కూడా నిలవదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచే రోజుకు 500 మంది దాకా ఉత్తరం పంపుకోవచ్చు. కావలసిందల్లా పేర్లన్నీ బీసీసీ గడిలో పెట్టే జాగ్రత్త. తొందరలో పక్క గడిలో పెడితే కాదనిపించుకున్నవాళ్ల జాబితా మొత్తం ఊరందరికీ తెలిసిపోతుంది. ఆ ఒక్క నిమిషపు పరధ్యానం మిగతా మర్యాదనంతా తుడిచేస్తుంది.

ఐదు కచేరీలకు వందమందిని పిలిచిన సభ, ఐదుగురిని ఎంచుకోవడంతో పాటు తొంభై ఐదుగురిని కాదనడానికి కూడా సిద్ధపడినట్టే. లెక్క చూస్తే సభ చేసే పనిలో ఎక్కువ భాగం కాదనడమే. భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెబుతాడు, అన్నిటికీ అవునన్నవాడు ఖాళీ అయిపోతాడు, ఎప్పుడూ కాదనేవాడు అపకీర్తి పాలవుతాడు అని. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోమన్న ఆయన సలహాను బలి తోసిపుచ్చాడు, లోకం బలినే మెచ్చింది. అయినా అవును, కాదు రెండూ దాత నోట రావలసిన మాటలేనన్న ఆ గుర్తింపు విలువైనది. కాదనడం పిలవడంలో భాగమైనప్పుడు దాన్ని చివర్లో మిగిలిన చెత్తపనిలా చూడటం తగదు. దరఖాస్తులు కోరుతూ ప్రకటన రాసే రోజునే కాదనే ఉత్తరం కూడా రాసి పెట్టుకోవాలి. ఫలానా తేదీకల్లా అందరికీ సంగతి తెలుపుతామని ప్రకటనలోనే అచ్చువేయాలి. ఆ ఉత్తరం నిజాయితీగా రాయలేకపోతున్నామంటే, ఎంపిక పద్ధతిలోనే ఏదో లోపం ఉందన్నమాట. ఉత్తరాన్ని కాదు, ముందు ఆ పద్ధతిని దిద్దుకోవాలి. ఆ తేదీ నాటికి ఉత్తరం పంపలేని సంస్థకు, దరఖాస్తులు పంపమని జనాన్ని పిలిచే అర్హత లేదు.